స్టాక్‌హోం నుంచి సెరెంగెటికి: ముందు నెల, తర్వాత చోటు, ఆఖరున లాడ్జి

ప్రశ్న: మాది పల్నాడు. తొమ్మిదేళ్లుగా స్టాక్‌హోంలో ఉంటున్నాం. పాపకు 11 ఏళ్లు, బాబుకు 7. ఫిబ్రవరి ఆఖరులో ఇక్కడి స్కూళ్లకు స్పోర్ట్‌లోవ్ సెలవులు వస్తాయి. శనివారం బయల్దేరి మళ్లీ ఆదివారానికి ఇంటికి చేరేలా టాంజానియా సఫారీకి వెళ్లాలని ఉంది. పక్కింటి స్వీడిష్ దంపతులు కూడా వస్తామంటున్నారు. వాళ్లకు 62, 66 ఏళ్లు. ఒక ఏజెంటు ఏడు రోజుల్లో ఐదు పార్కులు చూపిస్తానంటున్నాడు. ఆఫ్రికా అంటే ఎండే కాబట్టి పల్చటి బట్టలు చాలనుకుంటున్నాం. నేను రెంటచింతల ఎండల్లో పెరిగినదాన్ని, చిన్నప్పుడు మలేరియా కూడా వచ్చి తగ్గింది. నాకూ మాత్రలు అవసరమా? సఫారీ అయ్యాక నేనొక్కదాన్నే అడిస్ అబాబా మీదుగా హైదరాబాద్ వెళ్లి అమ్మానాన్నలను చూసి రావాలనుకుంటున్నాను. ఏవి ముందు చూసుకోవాలి?

సమాధానం: మీకు నెల బాగా కుదిరింది. ఏజెంటు ఇచ్చిన ఐదు పార్కుల పట్టిక మాత్రం పక్కన పెట్టేయండి.

సఫారీ అనగానే చాలామంది మొదట లాడ్జి ఫొటోలు చూస్తారు, తర్వాత రేటు అడుగుతారు. ఆ నెలలో జంతువులు ఎక్కడుంటాయన్నది ఎప్పటికో గుర్తొస్తుంది. ఈ వరస తిరగేయాలి. విల్డెబీస్ట్ (ఆవులా కనిపించే పెద్ద జింకజాతి జంతువు) మందలు ఏడాది పొడవునా వానల వెంట తిరుగుతూనే ఉంటాయి. టీవీలో అందరూ చూసిన దృశ్యం, మొసళ్ల మధ్య నుంచి మారా నదిని ఈదడం, సుమారుగా జూలై నుంచి అక్టోబరు వరకు సెరెంగెటి ఉత్తరపు కొసన జరుగుతుంది. ఫిబ్రవరిలో అది ఉండదు. మీ పక్కింటివాళ్లు దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటే ఇప్పుడే చెప్పేయండి, అక్కడికి వెళ్లాక చెబితే బాధపడతారు.

ఫిబ్రవరిలో ఉండేది వేరు, అదీ తక్కువదేం కాదు. మందలు దక్షిణాన ఎన్‌డుటు చుట్టూ ఉన్న పొట్టి గడ్డి మైదానాలకు దిగి ఉంటాయి. అది వాటికి ఈనే కాలం. చూలు మోస్తున్న వాటిలో ఎక్కువ భాగం రెండు మూడు వారాల తేడాలోనే ఈనేస్తాయి. ఆ మైదానాలు పాత అగ్నిపర్వతాల బూడిద మీద ఏర్పడ్డవి. అక్కడి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, పాలిచ్చే తల్లికి కావలసింది అదే. గడ్డి పొట్టిగా ఉంటుంది కాబట్టి పొంచి ఉన్న సింహం కూడా దూరం నుంచే కనబడుతుంది. ఈనడం ఎక్కువగా పొద్దున పూట జరుగుతుంది. నేల మీద పడ్డ దూడ తడి ఆరకముందే లేవబోయి ముందుకు తూలుతుంది, మళ్లీ లేచి పక్కకు పడుతుంది, ఐదారు నిమిషాల్లో నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. ఇంకాసేపటికి తల్లి వెంట పరుగందుకుంటుంది. ఆ కాస్త సమయం కోసమే దుమ్ములగొండులు, చీతాలు అక్కడక్కడే తిరుగుతుంటాయి. ఏడేళ్ల బాబు ముందు ఇది జరిగినప్పుడు దూడ దక్కకపోవచ్చు కూడా. ఆ సంగతి ఇంట్లోనే ఒకసారి మాట్లాడుకుని వెళ్లండి.

ఇక ఐదు పార్కుల సంగతి. తరంగీరే ఏనుగులకు పేరుపడ్డ చోటే, కానీ ఆ పేరు ఎండాకాలానిది. జూన్ నుంచి అక్టోబరు వరకు చుట్టుపక్కల నీళ్లు ఇంకిపోయి ఏనుగులన్నీ తరంగీరే నది ఒడ్డుకు చేరతాయి. ఫిబ్రవరిలో నీళ్లు అంతటా దొరుకుతాయి, అవీ చెదిరిపోయి ఉంటాయి. అరుషా పార్కు, మన్యారా సరస్సు చెడ్డవేం కాదు. అయితే ఉన్న ఏడు రాత్రుల్లో వాటికి చోటిస్తే ఆ మేరకు ఎన్‌డుటుకు కోత పడుతుంది. పార్కు మారిన ప్రతిసారీ సగం రోజు రోడ్డు మీదా, గేటు దగ్గర కాగితాల కోసం నిలబడటంలోనూ పోతుంది. పైగా మీరంతా మైనస్ డిగ్రీల నుంచి దిగుతున్నారు. మొదటి రెండు రోజులు శరీరం ఆ వేడితో సర్దుకునే పనిలోనే ఉంటుంది. రోజుకో చోట మంచం మారిస్తే మూడో రోజుకు పిల్లలు చిరచిరలాడతారు, పెద్దవాళ్లకు నడుం పట్టేస్తుంది.

మీ తేదీలకు ఇలా వేసుకోండి. శనివారం ఆమ్‌స్టర్‌డాం మీదుగా కిలిమంజారో విమానాశ్రయం చేరి, ఆ రాత్రి అరుషాలో పడుకోండి. ఆదివారం పార్కులేవీ పెట్టుకోకండి. తీరిగ్గా లేచి, పదింటికి బయల్దేరితే మంచి తారు రోడ్డు మీద మూడు గంటల్లో కరాటు చేరతారు. అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తున కాఫీ తోటల మధ్య ఉన్న చల్లటి ఊరు. మధ్యాహ్నం నీడలో గడిపి తొందరగా పడుకోండి. సోమవారం తెల్లవారుజామున లేచి ఆరింటికి గేటు తెరవగానే గోరొంగోరో అనే పాత అగ్నిపర్వత బిలంలోకి దిగండి. మధ్యాహ్నానికి పైకొచ్చి అక్కడి నుంచి అదే దారిన ఎన్‌డుటుకు వెళ్లిపోవచ్చు. సోమ, మంగళ, బుధ రాత్రులు మూడూ ఎన్‌డుటులోనే. గురు, శుక్ర రాత్రులు సెరెంగెటి నడిమధ్యన సెరొనెరాలో. అక్కడ వాగుల వెంట చెట్ల కొమ్మల మీద చిరుతపులులు, రాతిగుట్టల మీద సింహాలు ఏ నెలలోనైనా కనిపిస్తాయి. శనివారం పొద్దున సెరొనెరా నుంచి చిన్న విమానంలో వెనక్కి వచ్చి, సాయంత్రం విమానం అందుకోండి.

ఆ చిన్న విమానం ఖర్చు ఎక్కువనిపిస్తుంది. అయినా ఈ మొత్తం ప్రయాణంలో పెట్టదగ్గ ఖర్చు అదే. గోరొంగోరో గేటు దాటాక తారు ఉండదు. అక్కడి నుంచి సెరొనెరా దాకా గట్టి మట్టిరోడ్డు, దాని మీద అడ్డంగా రేకుల కప్పులా సన్నటి అలలు అలలుగా గతుకులు. దాని మీద బండి గంటల తరబడి వణుకుతూనే పోతుంది. సెరొనెరా నుంచి అరుషా 300 కిలోమీటర్ల పైమాటే, ఏడెనిమిది గంటలు పడుతుంది. ఒకసారి వెళ్లడానికి పర్వాలేదు, దారి పొడవునా చూసేవి ఉంటాయి. తిరుగు ప్రయాణం కూడా దాని మీదే అయితే 66 ఏళ్ల నడుం ఓర్చుకోదు. వెళ్లేటప్పుడు కూడా పెద్దవాళ్లను వెనక చక్రాల మీద పడే ఆఖరి వరసలో కూర్చోబెట్టకండి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఉన్న సీట్లలో కుదుపు చాలా తక్కువ.

చిన్న విమానంతో ఒక షరతు ఉంది. మనిషికి మామూలుగా 15 కిలోలే, చేతిసంచీ కూడా అందులోనే. చక్రాల సూట్‌కేసులు, గట్టి పెట్టెలు ఎక్కించరు. అందుకని అందరూ స్టాక్‌హోంలోనే మెత్తటి డఫెల్ సంచులు సర్దుకోవాలి. మీరు హైదరాబాద్‌కు తీసుకెళ్లే సామాను ఉంటే ఆ పెట్టెను అరుషాలో దిగిన హోటల్లోనో ఆపరేటరు ఆఫీసులోనో వదిలి, తిరిగొచ్చేటప్పుడు తీసుకునే ఏర్పాటు ముందే రాయించుకోండి.

రేటు చీటీ వచ్చాక మొత్తం అంకె కన్నా అందులో ఏమేమి కలిశాయన్నది చూడండి. సెరెంగెటికి విదేశీ పెద్దవాళ్లకు రద్దీ కాలంలో 24 గంటలకు 70 డాలర్లు, దాని మీద 18 శాతం వ్యాట్, అంటే 82 డాలర్ల 60 సెంట్లు. గోరొంగోరో బిలంలోకి దిగిన ప్రతిసారీ బండికి వ్యాట్‌తో కలిపి 295 డాలర్లు. ఇవి కాక క్యాంపులో పడుకున్న ప్రతి రాత్రికీ విడిగా రుసుము ఉంటుంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజున మళ్లీ సరిచూసుకోండి. ఈ రుసుములు ఏ ఆపరేటరుకైనా ఒకటే, వీటిలో తగ్గింపు ఉండదు. ఎవరైనా మరీ చవగ్గా ఇస్తున్నారంటే డ్రైవరు జీతంలోనో, బండి టైర్లలోనో, మీ భోజనంలోనో కోత పడిందన్నమాట. ఆపరేటరుకు టాంజానియా పర్యాటక లైసెన్సు ఉందా అని అడగండి, అక్కడివాళ్లు దాన్ని టాలా లైసెన్సు అంటారు.

ఆ 24 గంటల లెక్క గురించి ఒక మాట. అది తేదీ మారితే అయిపోయేది కాదు, గేటులో ముద్ర పడిన నిమిషం నుంచి నడుస్తుంది. గురువారం పదకొండింటికి సెరెంగెటిలోకి వెళ్తే శనివారం పదకొండు లోపు బయటపడాలి. మీ విమానం పన్నెండున్నరకు ఉంటే మూడో రోజు రుసుము అడుగుతారు. విమానం వేళ ఖాయం చేసుకున్నాకే గురువారం గేటు దాటే వేళ నిర్ణయించమని ఆపరేటరుకు చెప్పండి. ఎన్‌డుటులోనూ ఇలాంటి మెలికే ఉంది. ఆ మైదానంలో కొంత గోరొంగోరో సంరక్షణ ప్రాంతానిది, కొంత సెరెంగెటి పార్కుది. మీ క్యాంపు ఎటువైపు ఉందో అడగండి. గోరొంగోరో వైపు ఉంటే మంచిది. అక్కడ బండి దారి వదిలి గడ్డిలోకి దిగి మంద పక్కకు పోవచ్చు, సెరెంగెటి పార్కులో దారి దిగకూడదు.

దారి దిగే వీలుంది కదా అని చీతా ముక్కు దగ్గరికి బండి పోనివ్వకండి. చీతా పగలు వేటాడే జంతువు. చుట్టూ బండ్లు చేరితే వేట చెడుతుంది, పిల్లలున్న తల్లి అయితే ఆ పూట పస్తే. టిప్పు వస్తుందన్న ఆశతో కొందరు డ్రైవర్లు దగ్గరికి తీసుకెళ్తారు. "ఇక్కడ చాలు, దూరం నుంచే చూస్తాం" అని మొదటి రోజే చెబితే వాళ్లకూ నిశ్చింత. టిప్పు మామూలుగా బండి మొత్తానికి రోజుకు 20 నుంచి 30 డాలర్ల దాకా ఇస్తారు, ఆఖరి రోజున ఒక్కసారే కవరులో పెట్టి ఇస్తే సరిపోతుంది.

ఆరుగురూ ఒకే బండిలో పడతారు. పొడవు పెంచిన టొయోటా ల్యాండ్ క్రూజర్‌లో అందరికీ కిటికీ సీటే దొరుకుతుంది, పైకప్పు ఎత్తితే నిలబడి చూడొచ్చు. అయినా డబ్బుకు వీలుంటే ఎన్‌డుటు రోజులకైనా రెండు బండ్లు తీసుకోమనే అంటాం. బాబు గంటన్నరకోసారి దిగాలంటాడు, పెద్దాయన ఒక పిట్ట కోసం ముప్పావు గంట కదలకుండా చూస్తానంటాడు. ఇద్దరిదీ న్యాయమే, ఒకే బండిలో మాత్రం కుదరదు. ఒకటే బండి అయితే రోజూ సీట్లు మారండి. పిల్లలతో పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా తిరిగి, మధ్యాహ్నం క్యాంపుకు వచ్చి, నాలుగింటికి మళ్లీ బయల్దేరండి. రోజంతా బండిలోనే అంటే ఏడేళ్లవాడు రెండో రోజుకే సింహం వైపు కూడా చూడడు. కొన్ని క్యాంపులు చిన్నపిల్లలను చేర్చుకోవు, డబ్బు కట్టేముందే వయసులు చెప్పండి.

ఎన్‌డుటు క్యాంపులకు ప్రహరీ ఉండదు. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనాల గుడారానికి వెళ్లాలన్నా కాపలాదారు వచ్చి తీసుకెళ్లాలి. అక్కడ అతన్ని అస్కారి అంటారు. టార్చి ఊపితే వస్తాడు. పిల్లలు మీతో ఒకే గుడారంలో ఉండేలా కుటుంబ గుడారం అడగండి. తినేవేవీ లోపల ఉంచకండి. బిస్కెట్ పొట్లం, చాక్లెట్, చివరికి మీరు వెంట తెచ్చుకున్న కందిపొడి డబ్బా కూడా వంటవాళ్లకు అప్పగించండి. వాసన పట్టి కోతులు గుడారం చించుతాయి. చాలా క్యాంపుల్లో స్నానానికి పైన కట్టిన బకెట్లో ఇరవై లీటర్ల వేణ్నీళ్లు పోస్తారు, అంతే. తడుపుకుని, నీళ్లు కట్టేసి, సబ్బు రుద్దుకుని, అప్పుడు కడుక్కోవాలి.

ఇంకో చిన్న తిరకాసు గడియారంతో వస్తుంది. స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు, మన పెద్దవాళ్లు పొద్దెక్కిన జాములు లెక్కపెట్టినట్టు. పొద్దున ఏడంటే వాళ్లకు ఒంటిగంట. టూరిస్టులతో మాట్లాడేటప్పుడు గైడ్లు మన లెక్కే వాడతారు గానీ, క్యాంపు సిబ్బందితో వేళ చెప్పేటప్పుడు గడియారం చూపించి చెప్పండి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాదంతా పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడిచి, సాయంత్రం ఆరున్నర దాటగానే గుంకుతుంది. స్వీడన్‌లోలా గంటల తరబడి సందెవెలుగు ఉండదు, అరగంటలోపే చిమ్మచీకటి. పార్కులో రాత్రిపూట బండి తిప్పకూడదు, కాబట్టి ఐదున్నరకే క్యాంపు వైపు తిరగాలి.

ఇప్పుడు బట్టలు. చలిదేశాల వాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. గోరొంగోరో అంచు 2,200 మీటర్ల పైనే ఉంటుంది. బిలం అడుగు దానికి 600 మీటర్ల కింద. పొద్దున ఆరింటికి ఆ అంచు మీద మబ్బు కమ్ముకుని ఉంటుంది, చలి పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. జూన్, జూలైల్లో అయితే ఇంకా కిందికి దిగుతుంది. పైకప్పు తెరిచిన బండిలో నిలబడితే ఆ గాలి చెవుల్లోకి సూదుల్లా దిగుతుంది. పదింటికి అదే బండిలో చెమటలు పడతాయి. కాబట్టి పొరలు పొరలుగా వేసుకోవాలి: లోపల పల్చటి పొడుగు చేతుల చొక్కా, పైన ఫ్లీస్, దాని మీద గాలి ఆపే జాకెట్. స్టాక్‌హోంలో విమానం ఎక్కడానికి ఎలాగూ ఏదో ఒకటి వేసుకోవాలి కాబట్టి, గుప్పెట్లోకి నొక్కితే ఒదిగిపోయే పల్చటి డౌన్ జాకెట్ వేసుకోండి, అదే బిలం దగ్గరా పనికొస్తుంది. చెవులు మూసే టోపీ ఒకటి, అంచు వెడల్పున్న ఎండ టోపీ ఒకటి తీసుకోండి. ఎండ టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, లేకపోతే మొదటి రోజే ఎగిరిపోతుంది.

రంగు కూడా చూడాలి. ఉత్తరదేశాల్లో జాకెట్లు ఎక్కువగా నలుపు, ముదురు నీలం. సరిగ్గా ఆ రెండు రంగులే ట్సెట్సీ ఈగను పిలుస్తాయి. అది మన పశువుల పాకల్లోని జోరీగ లాంటిది, పల్చటి బట్ట మీంచి కూడా కుడుతుంది, దోమల మందును పెద్దగా లెక్కచేయదు. దాని వల్ల నిద్రజబ్బు రావడం అరుదే గానీ, ఒక్క కాటుకు పిల్లల చెయ్యి రెండు రోజులు వాస్తుంది. చెట్లున్న చోట బండి కిటికీలు ఎత్తుకోండి. బూడిద, గోధుమ, లేత ఆకుపచ్చ రంగులు మేలు. జీన్సు ఇంట్లోనే వదిలేయండి. మిలటరీ మచ్చల బట్టలు కూడా వద్దు, చిక్కులొస్తాయి.

ఎండ మాటకొస్తే, రెంటచింతల మీకిప్పుడు అక్కరకు రాదు. వేడికి అలవాటుపడ్డ శరీరం చల్లటి చోటికి మారితే ఆ అలవాటు కొన్ని వారాల్లోనే పోతుంది. మీరు వెళ్లి తొమ్మిదేళ్లయింది. మళ్లీ అలవాటు కావాలంటే పది పద్నాలుగు రోజులు పడుతుంది, మీ సెలవు అంతకన్నా చిన్నది. కాబట్టి అలవాటవుతుందని ఎదురుచూడకుండా, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీడ పట్టున ఉండటమే దారి. ఎన్‌డుటులో వేడి 30 డిగ్రీల లోపే ఉంటుంది, మీకది వినడానికి తక్కువే. ప్రమాదం వేడిలో కన్నా ఎండలో ఉంది. ఫిబ్రవరి ఆఖరులో అక్కడ సూర్యుడు దాదాపు నడినెత్తి మీదకు వస్తాడు. పైగా మీరుండేది 1,600 మీటర్ల ఎత్తు. అతినీలలోహిత సూచీ 11 దాటుతుంది, ఆ వారం స్టాక్‌హోంలో అది ఒకటి అటూ ఇటూగా ఉంటుంది. పైకప్పు ఎత్తిన బండిలో గాలి తగులుతుంటే చర్మం కాలుతున్న సంగతి తెలియదు. సాయంత్రానికి మెడ వెనక, చెవుల అంచులు, కిటికీ వైపు ముంజేయి ఎర్రబడి మంట మొదలవుతుంది. పక్కింటివాళ్లకు ఇది గట్టిగా చెప్పండి. నల్లటి చర్మానికి మంట ఆలస్యంగా తెలుస్తుందే తప్ప దెబ్బ తగలదని కాదు, పిల్లలకూ రాయండి.

ఎస్‌పీఎఫ్ 50 క్రీము రెండు గంటలకోసారి రాసుకోవాలి. ఒళ్లంతా రాస్తే పెద్దవాళ్లకు ఒక్కసారికి 30 మిల్లీలీటర్ల పైనే పడుతుంది. పొడుగు చేతుల బట్టలతో అందులో నాలుగో వంతు చాలు, అందుకే బట్టలే మొదటి రక్షణ అంటున్నాం. దోమల మందూ క్రీమూ రెండూ కావాల్సినప్పుడు ముందు క్రీము, పావుగంట ఆగాక దోమల మందు. తిరగేస్తే రెండూ సరిగా పనిచేయవు. నీళ్లు మనిషికి రోజుకు రెండు మూడు లీటర్లు బండిలో ఉండాలి. బాత్రూంకు దిగడం ఇబ్బందని ఆడవాళ్లు తాగడం మానేస్తారు, తలనొప్పి అక్కడ మొదలవుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది పట్టుకెళ్లండి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. పెద్దాయన బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడుతుంటే ఎండలో దాని సంగతేమిటో డాక్టరును ముందే అడగాలి. మాత్ర తనంతట తాను మానకూడదు.

మలేరియా మాత్రలు మీకూ కావాలి, అందరికీ కావాలి. చిన్నప్పుడు వచ్చిన మలేరియా ఇప్పుడు రక్షణ కాదు. పదేపదే సోకుతూ ఉంటేనే నిలిచే పాక్షిక రక్షణ అది, ఆ దేశం వదిలాక కరిగిపోతుంది. మీ పిల్లలకు అదీ లేదు. స్వీడన్‌లో వేసవి దోమలు మన దోమలకు ఏమాత్రం తీసిపోవు గానీ మలేరియా మోయవు. అందుకే అక్కడివాళ్లకు దోమంటే దురదే గుర్తొస్తుంది. టాంజానియాలో ఎక్కువగా ఉన్నది ఫాల్సిపారం, ప్రాణాలు తీసే రకం. దోమ కుట్టేది సందెపొద్దు నుంచి తెల్లవారేదాకా.

ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే టీకాల క్లినిక్‌కు వెళ్లండి. పొట్టి ప్రయాణాలకు సాధారణంగా రాసేది అటోవాక్వోన్-ప్రొగ్వానిల్. ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఉన్నన్ని రోజులూ, అక్కడి నుంచి వచ్చాక ఏడు రోజులూ రోజుకొకసారి వేసుకోవాలి. మీ లెక్కకు పెద్దవాళ్లకు మనిషికి 16 లేదా 17 మాత్రలు. అన్నంతోనో పాలతోనో, రోజూ ఒకే వేళకు. వేసుకున్న గంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి, కాబట్టి రెండు మూడు మాత్రలు అదనంగా రాయించుకోండి. పిల్లల డోసు బరువును బట్టి ఉంటుంది, వయసును బట్టి కాదు. వెళ్లేముందు తూచుకుని వెళ్లండి. డాక్సీసైక్లిన్ చవకే గానీ వచ్చాక నాలుగు వారాలు మింగాలి, పైగా చర్మం ఎండకు తొందరగా కాలేలా చేస్తుంది. తెల్లటి చర్మమున్న మీ పక్కింటివాళ్లకు ఆ ఎండలో అది సరిపడదు, బాబు వయసుకు అసలు పనికిరాదు. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, ధనుర్వాతం బూస్టర్ కూడా ఆ రోజే అడగండి. ప్రయాణ బీమాలో విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో చదవండి. ఎన్‌డుటు నుంచి పెద్దాసుపత్రికి రోడ్డు మీద వెళ్లాలంటే ఒక రోజు పోతుంది.

మీరు హైదరాబాద్ వెళ్లే దారి మీద జాగ్రత్త. ఇథియోపియా, కెన్యా ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చేవాళ్ల దగ్గర టీకా పత్రం లేకపోతే ఇండియాలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం ఉంది. అడిస్ అబాబాలో విమానాశ్రయం దాటకుండా విమానం మారితే మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ దిగాక అక్కడి ఆరోగ్యాధికారి ఒప్పుకుంటేనే అది వర్తిస్తుంది. రెండు దారులున్నాయి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకుని, అది నమోదు చేసే పసుపు పుస్తకం వెంట ఉంచుకోవడం ఒకటి, ఆ పత్రం ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. లేదంటే దోహా మీదుగా టికెట్ తీసుకోవడం. మీకు టీకా వేసుకోకూడని జబ్బేదీ లేకపోతే మొదటిదే చేయండి. 60 దాటినవాళ్లు ఈ టీకా మొదటిసారి వేసుకుంటే తీవ్రమైన ప్రతిచర్యలు అరుదుగానైనా కాస్త ఎక్కువ. మీ పక్కింటివాళ్లు ఆమ్‌స్టర్‌డాం లేదా దోహా మీదుగా వెళ్లొస్తే దాని అవసరమే రాదు. చవకని వాళ్లకు నైరోబీ మీదుగా టికెట్ తీయకండి. టాంజానియా కూడా ఇలాంటి దేశంలో 12 గంటలకు మించి ఆగి వచ్చినవాళ్లను పత్రం అడుగుతుంది.

వీసా ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, మామూలు పర్యాటక వీసా 50 డాలర్లు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. మీవి ఇండియన్ పాస్‌పోర్టులైతే స్వీడన్ నివాస అనుమతి కార్డు గడువు కూడా చూసుకోండి. స్టాక్‌హోంలో తిరుగు విమానం దిగేటప్పుడు అడిగేది దాన్నే. 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. విమానాశ్రయం దుకాణంలో ఇచ్చినవి కూడా దిగేముందే తీసేయండి. ప్లగ్గులు ఎక్కువగా బ్రిటిష్ తరహా మూడు పలకల పిన్నులవి, స్వీడన్ ప్లగ్గు పట్టదు. బైనాక్యులర్స్ 8 బై 42 రకం రెండైనా ఉండాలి. ఒక్కటే ఉంటే పిల్లలు దాని కోసం కొట్లాడుకుంటుండగానే చీతా వెళ్లిపోతుంది.

ఎన్‌డుటు మీద వానల ప్రభావం ఉంటుందన్న సంగతీ తెలిసి వెళ్లాలి. వానలు వెనకబడితే మందలు ఒక రాత్రిలో ముప్పై నలభై కిలోమీటర్లు జరిగిపోవచ్చు. మూడు రాత్రులు పెట్టమన్నది అందుకే. మొదటి రోజు వెతకడానికి, తర్వాతి రెండు రోజులు చూడటానికి. వానలు ఎక్కువైతే ఇబ్బంది ఇంకో రకం. సెరెంగెటి నడుమ చాలాచోట్ల మన నల్లరేగడి లాంటి మట్టే, పల్నాడు మనిషికి దాని సంగతి చెప్పనక్కర్లేదు. బండిలో రెండు స్టెప్నీలు, ఎత్తైన జాకీ, పార, లాగే తాడు ఉన్నాయా అని అరుషాలో ఎక్కేటప్పుడే చూడండి. దిగబడితే డ్రైవరు చెప్పేదాకా కిందికి దిగకండి, పిల్లలను అసలు దించకండి.

ఇంటికి చేరాక ఒకటి మిగిలి ఉంటుంది. దోమ కుట్టిన వారం తర్వాత మలేరియా ఎప్పుడైనా బయటపడొచ్చు. మాత్రలు సరిగ్గా వేసుకున్నా మూడు నెలల దాకా కనిపెట్టుకుని ఉండాలి. మీరు తిరిగొచ్చేది మార్చిలో. స్టాక్‌హోంలో అది ఫ్లూ రోజులు. జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి రాగానే ఫ్లూ అనుకుని పారాసిటమాల్‌తో రెండు రోజులు చూద్దామనుకుంటారు. ఫాల్సిపారానికి ఆ రెండు రోజులే చాలు. ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు స్వీడన్ ఆరోగ్య సలహా నంబరు 1177కు ఫోన్ చేసి, మొదటి మాటగా టాంజానియా నుంచి వచ్చామని చెప్పి, రక్తపరీక్ష అడగండి. మీకు హైదరాబాద్‌లో ఉండగా వస్తే అక్కడి డాక్టరుకూ ఇదే చెప్పండి. మొదటి పరీక్షలో ఏమీ తేలకపోయినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చేయించుకోండి.